ఎస్‌కేఎస్‌ఈ వేస్తే గేమ్ పాడైపోతుందా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గొడవ. గేమ్‌కి మాడ్స్, అంటే ఆటని మార్చే, కొత్తవి చేర్చే ఫైళ్లు వేద్దామంటే ముందు స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ (స్కైరిమ్ గేమ్‌కైతే దాని పేరు ఎస్‌కేఎస్‌ఈ) వేసుకోమంటోంది, అది వెయ్యొచ్చా వద్దా అని. అందుకే కంప్యూటర్ శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ప్రింటర్ ఇంకు గురించి అడిగినవాళ్లు వచ్చే సంచిక దాకా కాస్త ఓపిక పట్టాలి.

ప్ర: అన్నా, నేను శ్రీకాకుళంలో బీటెక్ సెకండియర్. మొన్న సేల్‌లో స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ కొన్నాను. ఏ మంచి మాడ్ చూసినా కింద ఎస్‌కేఎస్‌ఈ తప్పనిసరి అని ఉంటోంది. మా రూమ్మేట్ ఏమో అది వేస్తే గేమ్ ఫైళ్లు పాడైపోతాయి, గేమ్ కొన్న స్టీమ్ స్టోర్ అకౌంట్ కూడా బ్యాన్ చేసేస్తారు అంటన్నాడు. వెయ్యమంటావా, వద్దా? ఒక్క ముక్కలో చెప్పు.

జ: వెయ్యి. నువ్వడిగిన ఒక్క ముక్క అదే. కాకపోతే ఏదో వీడియోలో ముందు ఇది వేసుకోండి అన్నాడని కాదు, నీకు నిజంగా కావాలనిపించిన మాడ్ అడిగితేనే వెయ్యి.

రూమ్మేట్ చెప్పిన రెండూ తప్పే తమ్ముడూ, కానీ ఆ భయం ఊరికే పుట్టింది కాదు. స్కైరిమ్ 2011 నవంబరు 11న వచ్చింది, నీ దగ్గరున్న 64 బిట్ స్పెషల్ ఎడిషన్ 2016 అక్టోబరులో. గేమ్ లోపల స్క్రిప్టులు రాసుకోవడానికి దాన్ని తయారుచేసిన బెథెస్డా వాళ్లు ఇచ్చిన భాష పేరు పాపిరస్. దాంతో క్వెస్టులు, మంత్రాలు, మనుషుల ప్రవర్తన అన్నీ రాయొచ్చు గానీ, ఆడేవాడు కీబోర్డు మీద ఏ కీ నొక్కాడో తెలుసుకోవడం, మాటల్ని ముక్కలు చేసి చూడటం, ఇంజిన్‌లోనే ఉన్న బగ్‌ని సరిచెయ్యడం లాంటివి దాని చేతిలో లేవు. ఎస్‌కేఎస్‌ఈ, అంటే స్కైరిమ్ స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్, ఆ లోటు తీరుస్తుంది. పాపిరస్‌కి కొత్త ఫంక్షన్లు ఇస్తుంది, వేరేవాళ్లు రాసిన డీఎల్‌ఎల్ ప్లగిన్లు (కోడ్ ఉండే అదనపు ఫైళ్లు) గేమ్‌లోకి రావడానికి దారి ఇస్తుంది. గేమ్ మెనూల్ని మార్చే స్కైయూఐ మాడ్ నడిచేది దీని మీదే, మాడ్లకి సెట్టింగులు మార్చుకునే ఎంసీఎం మెనూ ఉండేది కూడా దీని మీదే.

ఇదంతా జరిగేది మెమరీలో. దాని లోడర్ గేమ్‌ని తెరిచి, తన డీఎల్‌ఎల్‌ని అందులోకి ఎక్కిస్తుంది. హార్డ్ డిస్కులో ఉన్న గేమ్ ఈఎక్స్‌ఈ మీద చెయ్యి కూడా వెయ్యదు. స్టీమ్‌లో ఉన్న ప్లే బటన్‌తో గేమ్ తెరిచావనుకో, ఎస్‌కేఎస్‌ఈ అసలు లేనట్టే నడుస్తుంది. ఇంక బ్యాన్ అంటావా, నువ్వొక్కడివే ఆడుకునే గేమ్‌కి ఎవడు బ్యాన్ చేస్తాడు? అందులో మోసాలు పట్టే యాంటీ చీట్ ప్రోగ్రామ్ లేదు, నీ వల్ల నష్టపోయే ఇంకో ఆటగాడూ లేడు.

మరి భయం ఎక్కడ పుట్టిందంటే వెర్షన్ల దగ్గర. గేమ్‌లో ఫలానా పని చేసే కోడ్ మెమరీలో ఫలానా చోట ఉంటుందని ఎక్స్‌టెండర్‌కి ముందే తెలియాలి. గేమ్‌కి అప్‌డేట్ వచ్చిందంటే ఆ చోట్లన్నీ మారిపోతాయి, మున్సిపాలిటీ వాళ్లు రాత్రికి రాత్రి ఇంటి నంబర్లు మార్చేస్తే పాత నంబరు పట్టుకుని వీధి వీధీ తిరిగే పోస్ట్‌మ్యాన్ పరిస్థితి అన్నమాట. అందుకే గేమ్ వెర్షన్‌కి సరిగ్గా సరిపోయే ఎస్‌కేఎస్‌ఈ మాత్రమే పనిచేస్తుంది. గేమ్ 1.5.97 అయితే 2.0.20 కావాలి, 1.6.1170 అయితే 2.2.6 కావాలి. గాగ్ అనే ఇంకో స్టోర్‌లో కొన్నవాళ్లకి వేరే బిల్డ్ ఉంది, స్టీమ్‌ది తెచ్చి అందులో వేస్తే కదలదు. నీది ఏ వెర్షనో తెలియాలంటే స్కైరిమ్ ఈఎక్స్‌ఈ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూడు. ప్లగిన్లకి ఈ తలనొప్పి కొంత తగ్గించడానికే అడ్రస్ లైబ్రరీ అని ఇంకో ఫైలు ఉంది, చాలా ప్లగిన్లు అదీ అడుగుతాయి కాబట్టి రెండూ ఒకేసారి తెచ్చుకో.

వెయ్యడం ఐదు నిమిషాల పని. జిప్ విప్పాక లోడర్‌నీ, పేరులో గేమ్ వెర్షన్ నంబరున్న డీఎల్‌ఎల్‌నీ స్కైరిమ్ ఈఎక్స్‌ఈ పక్కన పెట్టాలి. స్క్రిప్ట్స్ ఫోల్డర్ డేటా ఫోల్డర్‌లోకి వెళ్లాలి. చాలామంది ఈ రెండోది మర్చిపోయి, గేమ్ తెరుచుకుంది కదా అని ఊరుకుంటారు. తర్వాత లోడర్ నుంచే గేమ్ తెరిచి, ఎస్కేప్ కింద ఉన్న కీతో కన్సోల్ (ఆదేశాలు టైపు చేసే చోటు) పిలిచి, గెట్ ఎస్‌కేఎస్‌ఈ వెర్షన్ అన్నది ఇంగ్లిషులో ఖాళీ లేకుండా కలిపి కొట్టు. నంబరు వచ్చిందా, అయిపోయింది. మెనూల్లో మాటల ముందు డాలర్ గుర్తులు కనిపిస్తున్నా, స్కైయూఐ ఎర్రర్ కోడ్ 1 అని వచ్చినా టెన్షన్ పడకు. చాలాసార్లు అలవాటు కొద్దీ స్టీమ్ ప్లే బటన్ నొక్కేసి ఉంటావు, అంతే.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. ఎస్‌కేఎస్‌ఈతో ఆడితే సేవ్ చేసిన ప్రతిసారీ ఈఎస్‌ఎస్ అన్న తోక ఉన్న అసలు సేవ్ ఫైలు పక్కన అదే పేరుతో ఎస్‌కేఎస్‌ఈ అన్న తోక ఉన్న చిన్న ఫైలు ఒకటి పుడుతుంది. ప్లగిన్లు గుర్తుపెట్టుకోవలసినవన్నీ అందులో ఉంటాయి. హాస్టల్ నుంచి పండక్కి ఇంటికెళ్తూ సేవ్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకునేవాళ్లు పెద్ద ఫైలు ఒక్కటే తీసుకెళ్తారు, ఇంట్లో తెరిస్తే క్యారెక్టర్ ఉంటాడు గానీ మాడ్ల సెట్టింగులు మాయం. రెండూ కాపీ చెయ్యి. సగం ఆటలో ఉండగా ఎక్స్‌టెండర్‌ని గానీ దాని మీద నడిచే మాడ్‌ని గానీ పీకెయ్యకు, పీకాలనిపిస్తే కొత్త ఆట మొదలుపెట్టు. మనవైపు గాలివాన సీజన్‌లో కరెంటు సంగతి తెలిసిందే కదా, డెస్క్‌టాప్ అయితే ఆటో సేవ్‌ని నమ్ముకోకుండా అప్పుడప్పుడు కొత్త పేరుతో సేవ్ చేసుకుంటూ ఉండు.

ఇక క్రాష్‌ల విషయం. ఎస్‌కేఎస్‌ఈ ఒక్కటే ఉంటే గేమ్ క్రాష్ అవ్వడం దాదాపు ఉండదు. దాని మీద ఎనభై ప్లగిన్లు ఒకేరోజు ఎక్కించి, మర్నాడు క్రాష్ అయితే తిట్లు మాత్రం ఎస్‌కేఎస్‌ఈకి పడతాయి. రెండు మూడు వేసి, కొన్నాళ్లు ఆడి, ఆ తర్వాత ఇంకోటి వెయ్యి.

ప్ర: విజయనగరంలో కోటకి దగ్గరలో చిన్న గేమింగ్ సెంటర్ నడుపుతున్నాను. జీటీఏ 5కి స్క్రిప్ట్ హుక్ (ఆ గేమ్‌కి ఎక్స్‌టెండర్ లాంటిది) వేసి, దాని మీద చీట్ల మెనూ ఇచ్చే ట్రైనర్, కార్ల మాడ్లు పెట్టాను. ఇప్పుడు పిల్లలు అదే సిస్టమ్‌లో ఆన్‌లైన్ ఆడతామంటున్నారు. పర్వాలేదా?

జ: వద్దండీ. ఇందులో అటూ ఇటూ ఆలోచించేదేమీ లేదు. స్క్రిప్ట్ హుక్ వీ రాసినతనే అది స్టోరీ మోడ్‌కి మాత్రమేనని పెట్టాడు, ఆన్‌లైన్‌లోకి వెళ్లబోతే అది గేమ్‌నే మూసేస్తుంది. పైగా 2024 సెప్టెంబరు నుంచి జీటీఏ ఆన్‌లైన్‌కి బ్యాటిల్ ఐ అనే యాంటీ చీట్ పెట్టారు. మాడ్లతో స్టోరీ ఆడాలంటే లాంచర్‌లో దాన్ని ఆపాలి, ఆపితే ఆన్‌లైన్ రాదు. అటు రావడం ఇటు పోవడం మీ దగ్గరికొచ్చే పిల్లలు జాగ్రత్తగా చేస్తారని నేననుకోను. ఒక సిస్టమ్ మాడ్లకి, మిగతావి శుభ్రంగా ఆన్‌లైన్‌కి, వేరు వేరు అకౌంట్లతో ఉంచుకోండి. స్టోరీ మోడ్ మాడ్లకి ఎవరినీ బ్యాన్ చెయ్యలేదని గేమ్ తయారుచేసిన రాక్‌స్టార్ 2015లోనే చెప్పింది కాబట్టి ఆ ఒక్క సిస్టమ్ గురించి బెంగ అక్కర్లేదు.

ప్ర: అయ్యా, నేను రాజాం దగ్గర హైస్కూల్లో టీచర్ని. మా గుంటడు ఇంటర్ పరీక్షలై ఇంట్లో ఉన్నాడు. బల్దూర్స్ గేట్ 3కి ఏదో డీఎల్‌ఎల్ పెడితే యాంటీవైరస్ ఎర్రగా హెచ్చరిక చూపించింది. అది ఉత్తి అనుమానమే నాన్నా, యాంటీవైరస్ ఆఫ్ చేసెయ్ అంటాడు. అదే లాప్‌టాప్‌లో నా బ్యాంకు పనులు, స్కూలు లెక్కలు ఉన్నాయి. వాడి మాట నమ్మమంటారా?

జ: మాస్టారూ, మీ అబ్బాయి చెప్పినదాంట్లో మొదటి సగం నిజం, రెండో సగం ప్రమాదం.

ఆ గేమ్‌కి స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్‌ని నార్‌బైట్ అనే పేరుతో ఒక డెవలపర్ రాసి, కోడ్ అందరూ చూసేలా గిట్‌హబ్‌లో పెట్టాడు. అది డీరైట్ డీఎల్‌ఎల్ అనే పేరుతో గేమ్ బిన్ ఫోల్డర్‌లో కూర్చుంటుంది. విండోస్‌లో ఆ పేరుతో అసలు ఫైలు ఒకటి ఎప్పుడూ ఉంటుంది, కానీ గేమ్ ముందు తన పక్కన ఉన్నదాన్నే తీసుకుంటుంది, అలా ఎక్స్‌టెండర్ లోపలికి వస్తుంది. వైరస్‌లు రాసేవాళ్లు కూడా సరిగ్గా ఇదే ఎత్తు వేస్తారు, అందుకే యాంటీవైరస్ అనుమానించింది. దాని తప్పేమీ లేదు.

ఫైలు రచయిత సొంత పేజీ నుంచే వచ్చిందని మీ కళ్లతో చూశాక ఆ ఒక్క ఫైలుకి మినహాయింపు ఇవ్వండి. యాంటీవైరస్ మొత్తం ఆఫ్ చెయ్యడం మాత్రం కుదరదని గట్టిగా చెప్పండి. 2015 మే నెలలో జీటీఏ 5కి యాంగ్రీ ప్లేన్స్, నోక్లిప్ అని రెండు మాడ్లు వచ్చాయి, జనం ఎగబడి వేసుకున్నారు. తీరా చూస్తే వెనకాల ఫేడ్ అనే ప్రోగ్రామ్ నడుస్తూ, కీబోర్డు మీద కొట్టినవన్నీ దొంగిలించే సరంజామాతో ఉంది. 2023 క్రిస్మస్ నాడు స్లే ద స్పైర్ గేమ్‌కున్న డౌన్‌ఫాల్ అనే మంచి పేరున్న మాడ్‌నే దుండగులు చేజిక్కించుకుని, స్టీమ్ ద్వారానే పాస్‌వర్డులు కొట్టేసే ప్రోగ్రామ్ పంచారు. ఇక వీడియోల కింద లింకు పెట్టి, జిప్‌కి పాస్‌వర్డు ఇచ్చి, ముందు యాంటీవైరస్ ఆపండి అని చెప్పేవాటి గురించి నేను వేరే చెప్పక్కర్లేదు, అవి ముట్టుకోవద్దు.

బ్యాంకు పని ఫోన్‌లోకి మార్చేసుకోండి, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు తీసెయ్యండి, స్కూలు ఫైళ్లకి బయట ఒక కాపీ ఉంచండి. వాడికి అడ్మిన్ హక్కులు లేని వేరే విండోస్ అకౌంట్ ఇస్తే ఇంకా మంచిది, మొదట కోపం వస్తుంది, వారంలో అలవాటు పడతాడు. 2024 సెప్టెంబరులో వచ్చిన ప్యాచ్ 7తో ఆ గేమ్‌లోనే మాడ్ మేనేజర్ పెట్టారని కూడా చెప్పండి. అక్కడ దొరికేవాటితో సరిపెట్టుకుంటే చాలా మాడ్లు ఎక్స్‌టెండర్ లేకుండానే ఆడుకోవచ్చు.

ప్ర: పలాస నుంచి. మైక్రోసాఫ్ట్ వాళ్ల చందా పథకం గేమ్ పాస్‌లో ఉన్న స్కైరిమ్‌కి ఎస్‌కేఎస్‌ఈ ఎలా వెయ్యాలి?

జ: వెయ్యలేరు. మైక్రోసాఫ్ట్ స్టోర్ వెర్షన్‌కి అది లేదు. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్‌లకీ లేదు. వేశామని చెప్పేవాళ్ల ఫైళ్లు దించుకోకండి. మాడ్ల మీద అంత ఇష్టముంటే సేల్ వచ్చినప్పుడు స్టీమ్‌లో కొనుక్కోండి.

ప్ర: టెక్కలిలో మొబైల్ షాపు నాది. రాత్రి షటర్ దించాక ఫాల్అవుట్ 4 ఆడటమే నాకున్న సరదా. అంతా కుదిరిందనుకునేసరికి అప్‌డేట్ పడి, దాని ఎక్స్‌టెండర్ ఎఫ్4ఎస్‌ఈ పనిచెయ్యడం మానేసింది, మాడ్లన్నీ పోయాయి. ప్రతిసారీ ఇదే గోల అయితే అసలు ఎక్స్‌టెండర్ మీద ఆధారపడటం దేనికి, మరేటి చెయ్యమంటారు?

జ: మాడ్లు ఎక్కడికీ పోలేదండీ, ఫైళ్లు ఉన్నచోటే ఉన్నాయి. గేమ్ వెర్షన్ మారింది, అంతే.

మీ బాధ మీ ఒక్కరిదే కాదు. ఫాల్అవుట్ 4 నాలుగేళ్లకి పైగా 1.10.163 దగ్గర ఆగిపోయి ఉంది, మాడ్లు రాసేవాళ్లందరూ ఇక ఇదే ఆఖరని దాని మీద కట్టుకున్నారు. టీవీ సిరీస్ వచ్చిన ఊపులో 2024 ఏప్రిల్ 25న నెక్స్ట్ జెన్ అప్‌డేట్ వదిలారు, ఎఫ్4ఎస్‌ఈ, దాని మీది ప్లగిన్లు ఒక్క రాత్రిలో ఆగిపోయాయి. అదే ఏప్రిల్ 23న రావలసిన ఫాల్అవుట్ లండన్ అనే పెద్ద మాడ్, ఏళ్ల తరబడి జనం ఉచితంగా చేసిన పని, ఈ దెబ్బకి వాయిదా పడి జులై 25న వచ్చింది. అదీ పాత వెర్షన్ మీదే, ఆడాలంటే గేమ్‌ని వెనక్కి తీసుకెళ్లాల్సిందే. 2025 నవంబరులో యానివర్సరీ ఎడిషన్ పేరుతో మళ్లీ అదే తంతు. కంపెనీ తన దుకాణంలో కొత్త సరుకు పెట్టుకోవడానికి పాత గేమ్‌ని కదిపిన ప్రతిసారీ ఖర్చు భరించేది జీతం లేకుండా పనిచేసే మాడ్ రచయితలు. ఇది నాకు ఎప్పటికీ నచ్చదు, అయినా ఎక్స్‌టెండర్ మానెయ్యమని మాత్రం అనను, ఎందుకంటే గొడవ అప్‌డేట్‌తో, దాన్ని మీరు ఆపుకోవచ్చు.

స్టీమ్‌లో గేమ్ ప్రాపర్టీస్‌కి వెళ్లి, లాంచ్ చేసినప్పుడే అప్‌డేట్ చెయ్యి అన్నది పెట్టండి. అక్కణ్నుంచి స్టీమ్ ప్లే బటన్ ముట్టుకోకుండా ఎఫ్4ఎస్‌ఈ లోడర్ నుంచి, లేదా మాడ్లని సర్దిపెట్టే మాడ్ ఆర్గనైజర్ నుంచి మాత్రమే తెరవండి. అన్నీ బాగా నడుస్తున్న రోజున గేమ్ ఫోల్డర్ మొత్తం ఇంకో డ్రైవ్‌లోకి కాపీ తీసి పెట్టుకోండి. హాట్‌స్పాట్ మీద రోజుకి ఒకటిన్నర జీబీతో బతికేవాళ్లకి గేమ్ మళ్లీ దించుకోవడమంటే వారాల పని కదా, కాపీ ఉంటే ఆ బాధ ఉండదు. గాగ్‌లో కొనుక్కున్నవాళ్లకి కాస్త నయం, అక్కడ చాలా గేమ్‌లకి పాత వెర్షన్ ఎంచుకునే వీలు ఉంటుంది.

ఇప్పుడు అప్‌డేట్ పడిపోయింది కాబట్టి మీకు రెండు దారులు. కొత్త వెర్షన్‌కి ఎఫ్4ఎస్‌ఈ వచ్చాక, మీ ప్లగిన్లు కూడా ఒక్కొక్కటే వచ్చేదాకా ఆగడం ఒకటి, ఎఫ్4ఎస్‌ఈ త్వరగానే వస్తుంది గానీ ప్లగిన్లు ఆలస్యమవుతాయి, కొన్నిటి రచయితలు ఎప్పుడో మానేసి ఉంటారు, అవి ఇక రావు. పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లడం రెండోది. మీ మాడ్ల జాబితా పెద్దదైతే నేను వెనక్కే వెళ్లమంటాను. ఏది చేసినా, ఎక్స్‌టెండర్ లేకుండా పాత సేవ్ తెరిచి దాని మీదే మళ్లీ సేవ్ కొట్టకండి.

ప్ర: బొబ్బిలి నుంచి రాస్తున్నాను, డిగ్రీ చదువుతున్నాను. స్కైరిమ్‌లో బార్డ్‌లు (సత్రాల్లో పాటలు పాడేవాళ్లు) వాయించే లూట్ అనే తంత్రీవాద్యం చూసి, మన వీణ పెడితే బాగుంటుందనిపించింది. కీ నొక్కితే స్వరం పలకాలి. నా మాడ్‌ని ఎస్‌కేఎస్‌ఈ మీద ఆధారపడేలా చెయ్యొచ్చా? చేస్తే ఎక్కువమంది ఆడలేరని భయం.

జ: అమ్మాయ్, నీ ప్రశ్న నాకు బాగా నచ్చింది. గొల్లపల్లిలో పనస మొద్దు నుంచి తొలిచే వీణ స్కైరిమ్ సత్రంలో కనిపిస్తే ముందు నేనే దించుకుంటాను.

కీ నొక్కితే స్వరం అంటే రిజిస్టర్ ఫర్ కీ అనే ఫంక్షన్ కావాలి, అది ఎస్‌కేఎస్‌ఈ ఇచ్చేదే, ఉత్తి పాపిరస్‌లో లేదు. కాబట్టి ఈ ముక్కకి తప్పదు, మొహమాటపడకుండా వాడుకో. కానీ మాడ్ మొత్తానికి తప్పదా అని చూడు. వీణ మోడల్, పట్టుకుని కూర్చునే భంగిమ, ఒక లెస్సర్ పవర్ (గేమ్‌లో పాత్రకి ఉండే చిన్న శక్తి) వేస్తే మొత్తం కీర్తన ఒకటి వినిపించడం, ఇవన్నీ మామూలు పాపిరస్‌తోనే అవుతాయి. సౌండ్ వినిపించే ఫంక్షన్ అందులో ఉంది. అది ఒక మాడ్‌గా పెట్టి, కీలతో వాయించేది దానికి అదనపు ఫైలుగా వేరే పెట్టు. గేమ్ పాస్ వాళ్లకి మొదటిది అందుతుంది, రెండోది కావలసినవాళ్లు ఎస్‌కేఎస్‌ఈ వేసుకుంటారు.

ఎస్‌కేఎస్‌ఈ స్క్రిప్టు సోర్సులు నీ దగ్గర లేకపోతే రాసిన స్క్రిప్టుని గేమ్‌కి అర్థమయ్యేలా మార్చే కంపైలర్ ఆ ఫంక్షనే తెలియదంటుంది. సోర్సులు జిప్‌లో స్క్రిప్ట్స్ లోపల సోర్స్ ఫోల్డర్‌లో వస్తాయి. మాడ్లు తయారుచేసే స్పెషల్ ఎడిషన్ క్రియేషన్ కిట్ మాత్రం సోర్స్ లోపల స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో వెతుకుతుంది. ఈ తిరకాసు తెలియక రోజులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు, నువ్వు ఫైళ్లని కిట్ వెతికే చోట కూడా వేసెయ్. కీలకి అక్షరాలు కాదు, స్కాన్ కోడ్ నంబర్లు ఇవ్వాలి, 1 కీకి 2, 2 కీకి 3, అలా. అయితే 1 నుంచి 8 దాకా కీలు గేమ్‌లో ఫేవరెట్ ఆయుధాలకి వెళ్తాయి కాబట్టి సరిగమలకి అవి పెట్టకు, వీణ వాయిస్తూ సత్రంలో కత్తి దూస్తే బాగోదు. వీలైతే ఎంసీఎం మెనూలో ఎవరికి కావలసిన కీలు వాళ్లు ఎంచుకునేలా పెట్టు. ఏ కీలు రిజిస్టర్ అయ్యాయన్నది కూడా పైన చెప్పిన ఆ రెండో సేవ్ ఫైల్లోనే ఉంటుంది, అది పోయినవాళ్లకి కీలు పలకవు, అందుకని గేమ్ లోడ్ అయిన ప్రతిసారీ మళ్లీ రిజిస్టర్ చేసేలా రాయి.

ఎస్‌కేఎస్‌ఈ గెట్ వెర్షన్ ఫంక్షన్‌తో అది ఉందో లేదో ముందే చూసి, లేకపోతే తెర మీద ఒక మాట వచ్చేలా చెయ్యి. ఎన్ని రాసినా పేజీ చదవకుండా దించుకుని, వీణ పలకట్లేదు అని కామెంట్ పెట్టేవాళ్లు వస్తారు.

ప్ర: ఆమదాలవలస నుంచి. నా లాప్‌టాప్ పాతది, ర్యామ్ 4 జీబీ. ఈ స్కైరిమ్‌లూ అవీ నడవవు. మాడ్లు వేసుకునే సరదా నాకు లేనట్టేనా?

జ: ఎందుకు లేదు? స్టార్‌డ్యూ వ్యాలీ ఆడండి, 2016లో వచ్చిన చిన్న వ్యవసాయం గేమ్, మీ లాప్‌టాప్‌లో నడుస్తుంది. దానికి ఎస్‌మాపీ అని ఇలాంటి పనిముట్టే ఉంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ. గేమ్‌తోపాటు నల్లటి విండో ఒకటి తెరిచి, ఏ మాడ్ ఎక్కింది, ఏది ఎందుకు ఎక్కలేదు, దేనికి కొత్త వెర్షన్ వచ్చింది అన్నీ అందులో రాసి చూపిస్తుంది. అచీవ్‌మెంట్లు కూడా పోవు. మాడ్స్ ఫోల్డర్‌లో వెయ్యడమే, వద్దనుకుంటే ఆ ఫోల్డర్ తీసెయ్యడమే. తియ్యబోయే ముందు మాత్రం సేవ్ కాపీ తీసుకోండి, మాడ్‌తో వచ్చిన పంటలు, సామాన్లు పొలంలో, పెట్టెల్లో ఉంటే అవి పాడైపోతాయి.